అడవి గులాబీకి అక్టోబరు కత్తెర వద్దు

సంపాదక మహాశయా,

వానలు వెనకబట్టగానే గులాబీ కొమ్మలన్నీ మోకాలెత్తుకి కోసెయ్యమని మీ తోటల శీర్షికలో రాశారు. హైబ్రిడ్ గులాబీకి అది సరైన మాటే, దానికి కొత్త చిగురు మీదే పువ్వు. కానీ అడవి జాతి గులాబీలు చాలావరకు నిరుడు ఎదిగిన కొమ్మ మీద, పక్కన పుట్టే పొట్టి రెమ్మలకి పూస్తాయి. అదీ ఏడాదికి ఒక్క విడత. అక్టోబరులో ఆ కొమ్మ కోసేస్తే రాబోయే పూతంతా దాంతో పాటే పోతుంది. ఆకే గానీ పువ్వు రావడం లేదని మొక్కని పీకి పారేసేవాళ్లు, ముందు దాన్ని ఏ నెలలో కత్తిరించారో ఒకసారి గుర్తు చేసుకోవాలి.

మా గజపతి, గంజాం జిల్లాల పల్లపు నేలలకి సరిపోయే అడవి గులాబీ ఒకటుంది. పేరు రోసా క్లైనోఫిల్లా. బెంగాల్, బీహార్ వైపు నదుల ఒడ్డున, చిత్తడి నేలల్లో తనంతట తాను పెరిగే మన దేశపు మొక్క. వానాకాలంలో మొదలు నీట మునిగినా తట్టుకుంటుంది. అంటు గులాబీ అలా కాదు. పాదులో రోజుల తరబడి నీరు నిలిస్తే వేరుకి గాలి అందక కుళ్లుతుంది, ఆకు పసుపెక్కి రాలుతుంది. నీళ్లు చాలలేదనుకుని మనం ఇంకో బిందె పోస్తాం. 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకి వంశధార పొంగిన తీరు చూసినవాళ్లకి, నీటిని ఓర్చుకునే గులాబీ విలువ వేరే చెప్పక్కర్లేదు.

దీన్ని మొగ్గ దగ్గర గుర్తుపట్టాలి. మొగ్గ అడుగున సన్నటి నూగుతో వెడల్పాటి చిట్టి ఆకులు గుప్పిట మూసినట్టు చుట్టుకుని ఉంటాయి. విచ్చుకుంటే తెల్లటి రేకలు అయిదే, మధ్యలో పసుపు కేసరాల గుత్తి. ఆ చుట్టుడాకుల్ని బట్టే వృక్షశాస్త్రవేత్త విలియం రాక్స్‌బర్గ్ దీనికి ఇన్వోలుక్రేటా అని ఇంకో పేరు పెట్టాడు. 1793లో కలకత్తా వృక్షశాస్త్ర తోటకి వెళ్లకముందు ఆయన మొక్కలు పెంచింది మన సామర్లకోటలోనే.

కొనేటప్పుడు పేరు చూసి మోసపోకూడదు. ఎడారి గులాబీ, గడ్డి గులాబీ అసలు గులాబీలే కావు. ఇంకో పొరపాటు ఇంతకంటే ఎక్కువ: అంటు మొక్క కింద నుంచి ఒక్కో కాడకి ఏడేసి చిట్టి ఆకులున్న పిలక లేస్తే 'అడవి గులాబీ వచ్చింది, పెరగనిద్దాం' అంటారు. నిజానికి అది అంటు కట్టడానికి వాడిన వేరుమొక్క, చాలాసార్లు మల్టీఫ్లోరా అనే వేరే జాతి గులాబీ. ఆకు కాడ మొదట్లో ఉండే చిన్న రెక్కలు దువ్వెన పళ్లలా చీలి ఉంటే అదేనని గట్టిగా అనుకోవచ్చు. ఆకుల లెక్క మాత్రం నమ్మొద్దు, బలంగా లేచిన హైబ్రిడ్ కొమ్మకీ ఏడాకులు వస్తాయి. మట్టి తప్పించి చూడండి. అంటు ముడికి కింద నుంచి పుడితే కత్తెరతో కోయకుండా మొదలంటా చీల్చి తియ్యాలి. కోస్తే మిగిలిన మోడు నుంచి నాలుగు పిలకలు లేస్తాయి.

అసలు జాతి కొమ్మ దొరికితే అంటుతో పనే లేదు, వానాకాలంలో ముక్క గుచ్చితే చాలు. లేతా ముదురూ కాని పెన్సిల్ లావు కొమ్మ, జానెడు ముక్క. రెండు కణుపులు మట్టిలో, రెండు పైన ఉండాలి. కింది కోత కణుపుకి ఆనుకుని పెట్టండి, వేరు అక్కడే పుడుతుంది. పైన రెండాకులు ఉంచండి. ఇసుక, కొబ్బరి పొట్టు సగం సగం కలిపి నీడలో పెడితే నెల, నెలన్నరలో వేరు పడుతుంది. మధ్యలో పీకి చూశారా, పుట్టిన సన్న వేర్లన్నీ తెగిపోతాయి. గెడ్డ (వాగు) గట్టున మొక్క కనిపిస్తే కొమ్మ మాత్రమే తెచ్చుకోండి, దయచేసి దుబ్బు తవ్వకండి.

నాటడానికి రెండడుగుల గొయ్యి, ఎండ కనీసం ఆరు గంటలు. మట్టి రెండు పాళ్లు, బాగా చివికిన గెత్తం (పశువుల ఎరువు) ఒక పాలు, గుప్పెడు వేపపిండి. పచ్చి గెత్తం వేస్తే వేడికి వేరు మాడుతుంది, చెదలూ పడతాయి. కొమ్మలు వంగి పరుచుకునే రకం కాబట్టి మొక్కకీ మొక్కకీ ఏడెనిమిది అడుగులు వదలాలి. మునిగినా బతుకుతుంది కదా అని కన్నం లేని కుండీలో పెట్టకూడదు. ఏటి ఒడ్డున నీరు వస్తుంది, పోతుంది. కుండీలో కదలక మురిగిపోతుంది. మొదటి ఏడాది వేరు ఇంకా నిలదొక్కుకోదు, అప్పుడు మొదలు దగ్గర మట్టి ఎత్తు చెయ్యడం మంచిది.

ఎరువు జూన్‌లో ఒక గంప గెత్తం సరిపోతుంది. యూరియా పోస్తే ఆకు విపరీతంగా వచ్చి, ఆ లేత చిగురుకి పేనుబంక పట్టి, పువ్వు తగ్గుతుంది. పేనుబంకని ముందు నీటి ధారతో కడిగి చూడండి. తగ్గకపోతే లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కలవడానికి కొంచెం సబ్బునీరు, సాయంత్రం పూట పిచికారీ. ఎండలో కొడితే ఆకు కాలుతుంది.

ఇక కత్తెర. పూత అయిపోయిన వారం, పది రోజుల్లో పడాలి. అన్ని కొమ్మలూ సగానికి కోసి బంతిలా చెయ్యొద్దు. బాగా ముదిరి బెరడు గరుకెక్కిన కొమ్మల్లో మూడో వంతు ఎంచి నేల మట్టానికి తీసెయ్యండి. ఆ ఖాళీలో వానలకి లేచే కొత్త కొమ్మలే వచ్చే ఏడాది పూసేవి. కాయలు కావాలంటే కొన్ని పూలు వదిలెయ్యాలి. ఆ గింజలు మొలిపించినా, పక్కన వేరే గులాబీలుంటే తల్లి పోలిక వస్తుందన్న భరోసా లేదు. కాయ లోపలి నూగు గొంతు గీరుతుంది, పిల్లల్ని కొరకనివ్వకండి.

మీ పేజీ చూసే కత్తెర పట్టుకునేవాళ్లు మా సరిహద్దు ఊళ్లలో చాలామంది ఉన్నారు. అందుకే దసరా లోపు అదే శీర్షికలో 'ఏడాదికి ఒక్కసారే పూసే గులాబీని ఇప్పుడు ముట్టుకోకండి' అని ఒక్క వాక్యం వేయించండి.

ఇట్లు,
ఒక పాఠకుడు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా