తమ్ముడి గ్రీన్ టీ క్యాప్సూళ్ల విషయంలో మాకు తోడుగా నిలిచిన వారందరికీ కృతజ్ఞతలు

అందరికీ నమస్కారం. డౌన్ సిండ్రోమ్‌తో పుట్టిన మా తమ్ముడికి, నేర్చుకునే శక్తి మెరుగుపడుతుందన్న ఆశతో, గ్రీన్ టీ సారంతో చేసిన క్యాప్సూళ్లు వాడాలా వద్దా అని మా ఇంట్లో కొన్ని నెలలుగా నలుగుతున్న ప్రశ్న ఈమధ్యే ఒక కొలిక్కి వచ్చింది. ఆ ప్రశ్నను తేలిగ్గా కొట్టిపారేయకుండా, అలాగని లేనిపోని ఆశ పెట్టకుండా, మాకోసం చదివి, లెక్కలు కట్టి, అమ్మకు అర్థమయ్యేదాకా ఓపికగా చెప్పిన వారు చాలామంది ఉన్నారు. వారికి విడివిడిగా ఫోన్ చేసి చెప్పుకున్నప్పటికీ, ఏ సాయం ఎందుకు విలువైనదో నలుగురిలో చెప్పడం న్యాయమనిపించి ఇది రాస్తున్నాను.

మొదట న్యూజెర్సీలో ఉంటున్న మా పెదనాన్నగారి అబ్బాయికి కృతజ్ఞతలు. అన్నయ్య అక్కడ ఎవరో చెప్పగా విని, తమ్ముడి మీద ప్రేమతో క్యాప్సూళ్ల సీసా కొని, ఊరికి వస్తున్న స్నేహితుడి చేతికిచ్చి పంపాడు. తర్వాత మేము ఇన్ని ప్రశ్నలు వేసినా నొచ్చుకోలేదు సరికదా, సీసా మీదున్న ప్రతి అక్షరాన్నీ ఫొటోలు తీసి పంపి, తయారీదారుకు తానే ఈమెయిల్ రాసి వివరాలు అడిగాడు. ప్రేమగా ఇచ్చినదాన్ని పరీక్షకు పెడితే చిన్నబుచ్చుకునేవారే ఎక్కువ. అన్నయ్య అలా అనుకోకపోవడం వల్లనే మిగతాదంతా సాధ్యమైంది.

జీవరసాయన శాస్త్రంలో పరిశోధన చేస్తున్న మా చెల్లెలి స్నేహితురాలికి మేము ఎంతో రుణపడి ఉన్నాం. ఈ క్యాప్సూళ్ల పేరు వినబడిన ప్రతిచోటా ఎవరో ఒకరు ఉదహరించే బార్సిలోనా అధ్యయనాన్ని ఆ అమ్మాయి మొదటి నుంచి చివరి దాకా చదివి, రెండు ఆదివారాలు ఫోన్‌లో తెలుగులో వివరించింది. మనిషి కణాల్లో 21వ క్రోమోజోము రెండు ప్రతులకు బదులు మూడు ఉండటం వల్ల డౌన్ సిండ్రోమ్ వస్తుందని 1959 నుంచి తెలుసు. ఆ క్రోమోజోము మీద డీవైఆర్‌కే1ఏ అనే జన్యువు ఒకటుంది. మూడు ప్రతులున్నప్పుడు దాని నుంచి తయారయ్యే ఎంజైము అవసరానికి మించి పనిచేసి, మెదడు ఎదుగుదలకూ నేర్చుకునే శక్తికీ అడ్డుపడుతుందని శాస్త్రవేత్తలు భావిస్తున్నారు. గ్రీన్ టీలో ఎక్కువగా ఉండే ఈజీసీజీ అనే పదార్థానికి ఆ ఎంజైము జోరును తగ్గించే గుణం ఉండటంతో ఈ ఆలోచన మొదలైంది. అంటే ఇది గాలిలోంచి పుట్టిన చిట్కా కాదు, దీని వెనక ఒక తర్కం ఉంది. ఆ మాట ముందుగా చెప్పినందుకే అమ్మ తర్వాతి మాటలు వినగలిగింది.

ఆ తర్వాతి మాటలు ఇవి. రఫాయెల్ దె లా తొర్రె, మారా డియర్సన్ అనే శాస్త్రవేత్తల ఆధ్వర్యంలో బార్సిలోనాలో జరిగి 2016లో లాన్సెట్ న్యూరాలజీ అనే వైద్య పత్రికలో వెలువడిన ఆ అధ్యయనంలో 16 నుంచి 34 ఏళ్ల మధ్య వయసున్న 84 మంది పాల్గొన్నారు. వారిలో 43 మందికి శరీర బరువులో కిలోకు రోజుకు 9 మిల్లీగ్రాముల చొప్పున ఈజీసీజీ ఇచ్చారు, మిగతా 41 మందికి చూడటానికి అలాగే ఉండే, మందు లేని క్యాప్సూళ్లు ఇచ్చారు. ఏడాది పాటు ఎవరికి ఏది ఇస్తున్నారో పాల్గొన్నవారికీ తెలియదు, పరీక్షించినవారికీ తెలియదు. చివరికి చూస్తే, ఒకసారి చూసిన ఆకారాన్ని మళ్లీ గుర్తుపట్టడంలోనూ, నోటికొచ్చిన జవాబును ఆపుకుని సరైనది చెప్పడంలోనూ, రోజువారీ చదువు, లెక్కల వంటి పనుల్లోనూ ఈజీసీజీ తీసుకున్నవారు కొంత మెరుగ్గా ఉన్నారు. పిల్లి బొమ్మను చూసి కుక్క అని, కుక్క బొమ్మను చూసి పిల్లి అని చెప్పాల్సిన పరీక్ష ఆ రెండవదాన్ని కొలిచేదట. అయితే రోజువారీ పనుల కొలత కాకుండా పెట్టిన 15 పరీక్షల్లో 13 పరీక్షల్లో రెండు గుంపుల మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు. ఇంకా పెద్ద అధ్యయనం జరిగితేగాని దీన్ని నిర్ధారించలేమని ఆ శాస్త్రవేత్తలే రాశారు.

ఆ అమ్మాయి మా దృష్టిని మళ్లించిన మరో విషయం మా నిర్ణయాన్నే మార్చింది. ఆ 84 మందిలో ఏ ఒక్కరూ క్యాప్సూళ్లు మాత్రమే మింగి ఊరుకోలేదు. రెండు గుంపులవారి చేతా జ్ఞాపకశక్తికీ ఏకాగ్రతకూ సంబంధించిన అభ్యాసాలు క్రమం తప్పకుండా చేయించారు. కాబట్టి అభ్యాసం లేకుండా క్యాప్సూల్ ఒక్కటే ఏం చేస్తుందనే ప్రశ్నకు ఈ అధ్యయనంలో జవాబు వెతకడంలో అర్థం లేదు. మాకు ఈ విషయం చెప్పినవారు అంతకుముందు ఒక్కరూ లేరు. 6 నుంచి 12 ఏళ్ల పిల్లలు 73 మందితో చేసి 2022లో ప్రచురించిన మరో అధ్యయనంలో ఈజీసీజీ వల్ల హాని కనబడలేదు గానీ, గ్రహణశక్తిలో స్పష్టమైన మేలు కూడా కనబడలేదు. అమెరికాలో ఎలుకల మీద చేసి 2017లో వెలువరించిన ఒక పరిశోధనలోనైతే ప్రవర్తనలో మెరుగు లేకపోగా ఎముకలకు చెరుపు జరిగింది. అనుకూలమైనవి, ప్రతికూలమైనవి అన్నీ ఒకేచోట పెట్టి, ఏదీ దాచకుండా చెప్పినందుకు ఆ అమ్మాయికి చేతులెత్తి నమస్కరిస్తున్నాను.

మా వీధి చివర మందుల దుకాణంలోని ఫార్మసిస్టు గారికి ఈ సీసా వల్ల ఒక్క రూపాయి లాభం లేదు. అయినా ఆయన లేబుల్‌ను శ్రద్ధగా చూసి, దాని మీద గ్రీన్ టీ సారం ఎన్ని మిల్లీగ్రాములో ఉందిగానీ అందులో ఈజీసీజీ ఎంతో లేదని పట్టుకున్నారు. తమ్ముడి బరువు 62 కిలోలు. అధ్యయనంలోని మోతాదు ప్రకారం రోజుకు దాదాపు 560 మిల్లీగ్రాములు కావాలి. ఒక క్యాప్సూల్‌లో ఎంతుందో తెలియనప్పుడు తక్కువిస్తున్నామో ఎక్కువిస్తున్నామో ఎలా చెప్పగలం? ఈజీసీజీ రోజుకు 800 మిల్లీగ్రాములు, అంతకు మించి సప్లిమెంట్ల రూపంలో తీసుకుంటే కాలేయం దెబ్బతింటున్న సూచనలు రక్తపరీక్షల్లో కనబడవచ్చని ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2018లో చెప్పింది. దాన్ని అనుసరించి 2022లో ఐరోపా సమాఖ్య రోజు మోతాదు ఆ పరిమితికి లోపలే ఉండాలని, 18 ఏళ్ల లోపువారు తీసుకోకూడదని, పరగడుపున వేసుకోకూడదని లేబుల్ మీద రాయాలని నిబంధన పెట్టింది. అన్నయ్య ఈమెయిల్‌కు ఈ రోజు వరకూ జవాబు రాలేదు.

తమ్ముణ్ని చిన్నప్పటి నుంచి చూస్తున్న డాక్టరు గారి గురించి ఎంత చెప్పినా తక్కువే. పసివాడిగా ఉన్నప్పుడు గుండె ఆపరేషన్ జరిగిన నాటి నుంచి థైరాయిడ్ మాత్ర మొదలుపెట్టిన నాటి వరకూ, అమ్మ అడిగిన ఏ ప్రశ్ననూ ఆయన చిన్నదిగా చూడలేదు. ఈసారీ అంతే. వద్దని ఒక్క ముక్కలో తేల్చేయకుండా కూర్చోబెట్టి చెప్పారు. థైరాయిడ్ మాత్ర పరగడుపున వేసుకోవాలి, ఈ క్యాప్సూల్ భోజనం చేశాకే వేసుకోవాలి, రెండింటి మధ్య తగినంత వ్యవధి ఉండాలి. గ్రీన్ టీ ఆహారంలోని ఇనుమును సరిగా ఒంటికి పట్టనివ్వదు కనుక రక్తం తక్కువగా ఉన్నవారికి మరింత జాగ్రత్త అవసరం. వాడదలిస్తే ముందు కాలేయ పరీక్ష చేయించి, మధ్యలోనూ చేయించి, కళ్లు పచ్చబడినా, మూత్రం ముదురు రంగులోకి మారినా వెంటనే ఆపాలి. ఇవన్నీ ఆయన స్వయంగా కాగితం మీద తెలుగులో రాసిచ్చారు. తన కొడుక్కి వైద్యుల పర్యవేక్షణలో ఈ క్యాప్సూళ్లు వాడి చూసిన ఒక తల్లి తన డైరీని మాకు చదవడానికి ఇచ్చారు. మార్పు కనబడిన రోజులనూ కనబడని రోజులనూ ఆమె ఒకే నిజాయితీతో రాసుకున్నారు. అమ్మా, మీకు మా అందరి నమస్కారాలు.

అన్నిటికంటే పెద్ద సాయం తమ్ముడి ప్రత్యేక విద్య టీచర్ గారి నుంచి అందింది. మేమంతా వాడి గురించి మాట్లాడుకుంటున్నప్పుడు, ఇరవై మూడేళ్లవాడు, సూపర్ మార్కెట్‌లో సరుకులు సర్దే ఉద్యోగం చేసుకుంటున్నవాడు, వాణ్ని అడిగారా అని ఆవిడ అడిగారు. అడగమని చెప్పి వదిలేయలేదు. క్యాప్సూల్ అంటే ఏమిటి, ఎందుకు, ఏం మేలు కలగవచ్చు, ఏం ఇబ్బంది రావచ్చు, రక్తం ఎందుకు తీస్తారు, ఇవన్నీ పెద్ద అక్షరాలతో, బొమ్మలతో నాలుగు పేజీల్లో తయారుచేసి, వాడి పక్కన కూర్చుని చదివించారు. తమ్ముడు రెండు రోజులు ఆ కాగితాలు తన దగ్గరే ఉంచుకుని, "అక్కా, నాకు పొద్దున ఒక మాత్ర ఉంది కదా. ఇంకోటి వద్దు. ఆటలు చేస్తాను" అన్నాడు. ఆటలంటే ఆ పేజీల్లో ఉన్న అభ్యాసాలు. వాడి జీవితానికి సంబంధించిన విషయంలో వాడి మాటే చివరిదిగా నిలబడటం మా ఇంట్లో అదే మొదటిసారి. ఆ అవకాశం కల్పించిన టీచర్ గారికి ఎలా కృతజ్ఞత చెప్పాలో నాకు తెలియడం లేదు.

ఇప్పుడు క్యాప్సూళ్లు వాడటం లేదు. టీచర్ గారు రూపొందించిన అభ్యాసాలు రోజూ సాయంత్రం జరుగుతున్నాయి. బొమ్మల జతలు గుర్తుపట్టడం, ఎరుపు కార్డు చూపిస్తే ఆకుపచ్చ అని చెప్పడం, చిల్లర లెక్కపెట్టి అణాపైసలతో సహా బిల్లు సరిచూడటం వంటివి. నాన్న కూడా కూర్చుంటారు. రేపు పెద్ద అధ్యయనాలు జరిగి స్పష్టమైన మేలు తేలితే మళ్లీ డాక్టరు గారి దగ్గరికి వెళ్తాం, తమ్ముణ్ని మళ్లీ అడుగుతాం. ఇలాంటి క్యాప్సూళ్లను జాగ్రత్తగా, వైద్యుల సలహాతో వాడుతున్న కుటుంబాలను తప్పుపట్టే ఉద్దేశం నాకు ఏ కోశానా లేదు. వారి ఆశ మాకు బాగా తెలుసు.

టీచర్ గారు తయారుచేసిన నాలుగు పేజీలనూ, మా చెల్లెలి స్నేహితురాలు అధ్యయనాల గురించి తెలుగులో రాసిచ్చిన వివరణనూ ఇతరులతో పంచుకోవడానికి ఇద్దరూ సంతోషంగా ఒప్పుకున్నారు. ఇదే ప్రశ్నతో ఉన్న కుటుంబాలు ఎవరైనా అడిగితే పంపిస్తాను. అయితే డాక్టరు గారు రాసిచ్చిన కాగితం మా తమ్ముడి ఆరోగ్యాన్ని బట్టి రాసినది కనుక దాన్ని పంపను. మీ పిల్లల థైరాయిడ్, గుండె, కాలేయం సంగతి తెలిసిన మీ డాక్టరునే అడగండి.