టాంగ్రాలోని ఆ చైనీస్ కుటుంబానికి కృతజ్ఞతలు

మా నాన్నగారు నిన్న రాత్రి క్షేమంగా ఖరగ్‌పూర్ ఇంటికి చేరారు. గుండెకు స్టెంట్ వేశారు, నీరసం ఇంకా తగ్గలేదు. అయితే కాఫీలో చక్కెర వేయలేదని పొద్దున్నే అమ్మ మీద విసుక్కున్నారు కనుక గండం గడిచినట్టేనని మేమంతా అనుకుంటున్నాము. పరామర్శించిన బంధుమిత్రులందరికీ విడివిడిగా జవాబు రాసే ఓపిక నాకు లేదు, మన్నించాలి. కానీ కోల్‌కతాలో మాకు ఏమీ కాని ఒక కుటుంబం చేసిన మేలు గురించి రాయకుండా నిద్ర పట్టేలా లేదు. అడగకుండా వారి పేర్లు బయటపెట్టడం మర్యాద కాదు కనుక, అక్కడ అందరూ పిలిచినట్టే ఆ ఇంటి పెద్దావిడను మాసీమా (బెంగాలీలో పిన్నిగారు) అనే రాస్తాను.

అమ్మానాన్నల పెళ్లిరోజని వారిని కోల్‌కతాలో చైనీయుల పేట అయిన టాంగ్రాలోని ఒక పెద్ద చైనీస్ రెస్టారెంటుకు తీసుకువెళ్లాను. ముందుగా ఫోన్ చేసి బల్ల చెప్పి ఉంచుకోవలసిన చోటది, కానీ నడిపేది మాత్రం ఇంటివాళ్లే. పెద్దకొడుకు వంటశాలలో, కోడలు గల్లా దగ్గర, మనవడు బల్లల మధ్య ఉంటే, మాసీమా గుమ్మానికి ఎదురుగా కుర్చీ వేసుకుని అందరినీ కనిపెట్టుకుని కూర్చుంటారు. మధ్యలో పొగగొట్టం ఉన్న గిన్నెలో తెచ్చే చిమ్నీ సూప్ ఇంకా పొగలు కక్కుతూండగానే నాన్నగారు చెంచా కింద పెట్టి ఛాతీ పట్టుకున్నారు, చొక్కా చెమటతో తడిసిపోయింది. నేను అంబులెన్సు నంబరు వెతుకుతూండగానే మనవడు కారు గుమ్మం ముందుకు తెచ్చాడు, పెద్దకొడుకు పొయ్యి ఆర్పి అప్రాన్ కూడా విప్పకుండా వచ్చి నాన్నగారిని చేతుల మీద మోసుకెళ్లాడు.

బైపాస్ రోడ్డు మీది ఆసుపత్రిలో మొదట అడిగింది అడ్వాన్సు. ప్రభుత్వ వైద్యుడైనా ప్రైవేటు వైద్యుడైనా ప్రాణం నిలపడమే మొదటి బాధ్యత అని సుప్రీంకోర్టు 1989లోనే చెప్పింది కానీ, ఆ మాట బిల్లింగ్ కౌంటర్ దాకా వచ్చినట్టు లేదు. నా కార్డు పరిమితి చాలలేదు. ఎవరికి ఫోన్ చేయాలో తోచక నిలబడి ఉన్నప్పుడు, కోడలు ఒక ప్లాస్టిక్ సంచి తెచ్చి కౌంటర్ మీద పెట్టింది. అందులో ఆ సాయంత్రం గల్లాపెట్టెలో పడిన డబ్బంతా రబ్బరుబ్యాండ్లు చుట్టిన కట్టలుగా, వెల్లుల్లి వాసనతో సహా ఉంది. మాసీమా పంపించారట. మా ఊరేదో, ఇంటిపేరేదో కూడా అప్పటికి వారికి తెలియదు.

ఆ రాత్రి మాసీమా స్వయంగా వచ్చి, అమ్మ పక్కన కారిడార్‌లో కూర్చున్నారు. ఇద్దరికీ బెంగాలీ వచ్చు. మరునాడు శనివారం కనుక అమ్మ నీచు ముట్టదని మాటల్లో తెలుసుకుని, మాంసం తగలని కొత్త గిన్నెలో బియ్యపు గంజి మెత్తగా కాచి, పైన సన్నగా తరిగిన అల్లం వేసి తీసుకొచ్చారు. అప్పటిదాకా మంచినీళ్లు తప్ప ఏమీ పుచ్చుకోని అమ్మ ఆ గంజి తాగింది. గిన్నె అడుగున దుకాణంవాడి ధర చీటీ ఇంకా అంటుకునే ఉంది. అది చూశాక నేను ఆగలేక కారిడార్ చివరికి వెళ్లి ఏడ్చాను. ఇంటికి వెళ్తూ టాంగ్రాలోని చైనీస్ కాళీ గుడిలో నాన్నగారి పేరున మొక్కుకుంటానని అమ్మకు చెప్పి వెళ్లారు.

మాసీమా కుటుంబం హక్కా చైనీయులు, అంటే చైనాలోని హక్కా అనే తెగవారు. మాసీమా పుట్టింది అస్సాంలోని మాకుంలో. 1962లో భారత్-చైనా యుద్ధం వచ్చినప్పుడు, ఇక్కడే పుట్టి పెరిగిన చైనీయులను సుమారు 3,000 మందిని పట్టుకెళ్లి రాజస్థాన్‌లోని దేవ్లీ శిబిరంలో పెట్టారు. వారిలో పసిపిల్లగా ఆమె కూడా ఉన్నారు. తర్వాత టాంగ్రాలో తోళ్లు ఊనే కుటుంబానికి కోడలుగా వచ్చారు. తోళ్ల కార్ఖానాలను నగరం నుంచి తరలించాలని 1996లో సుప్రీంకోర్టు ఆదేశించడంతో చాలా కుటుంబాలు హోటళ్ల మీదే ఆధారపడ్డాయి, మరెన్నో టొరంటోకు వెళ్లిపోయాయి. మేము భోజనానికి కూర్చున్న హాలు ఒకప్పుడు తోళ్లు ఆరేసిన చోటేనట.

డిశ్చార్జ్ రోజున ఆమె మళ్లీ వచ్చారు. డిశ్చార్జ్ సమయంలో నగదు రహిత చెల్లింపుకు మూడు గంటల్లో ఆమోదం తెలపాలని బీమా నియంత్రణ సంస్థ 2024లో నిబంధన పెట్టింది. మా బీమా సంస్థవారు పొద్దుట అడిగిన కాగితాన్నే మధ్యాహ్నం మళ్లీ అడిగి, దీపాలు పెట్టే వేళకు గానీ జవాబివ్వలేదు. ఏళ్ల తరబడి ప్రీమియం కట్టినవాళ్లను దొంగల్లా ప్రశ్నించడం ఏమిటో నాకు అర్థం కాదు. నేను కౌంటర్ దగ్గర గొంతు పెంచుతూంటే మాసీమా నా చెయ్యి పట్టి కూర్చోబెట్టి, కాగితం కోసం ఎదురుచూడటం తనకు చిన్నప్పటి నుంచీ అలవాటేనని నవ్వారు.

డబ్బు తిరిగి ఇచ్చినప్పుడు రెండుసార్లు లెక్కపెట్టి మరీ తీసుకున్నారు, వ్యాపారస్తురాలు కదా. ఆ రాత్రి భోజనం బిల్లు మాత్రం తీసుకోలేదు, తినని తిండికి డబ్బేమిటని కోప్పడ్డారు.

మా తమ్ముడు, మరదలు, మా ఆవిడ ఆసుపత్రికీ ఇంటికీ మధ్య పరుగులు పెట్టారు, వారికి వేరే చెప్పేదేముంది. అసలు మొదటే రాయవలసింది, ఆ హోటల్లో పక్క బల్ల దగ్గర భోంచేస్తున్న డాక్టరుగారు నాన్నగారికి ఆస్పిరిన్ నమిలించి, ఏ ఆసుపత్రికి తీసుకెళ్లాలో చెప్పి పంపారు. వారి పేరు కూడా అడగలేదు, ఇది చదివితే దయచేసి నాకు తెలియజేయగలరు. రాత్రి డ్యూటీ నర్సులకు, నాన్నగారి చేత మందులు మింగించిన ఆయాగారికి, ఇల్లు కనిపెట్టుకున్న పక్కింటి ముఖర్జీగారి కుటుంబానికి కూడా మా నమస్కారాలు. మా వీధి పాలబ్బాయిని మరిచాను, పాల ప్యాకెట్లు గుమ్మంలో పాడవకుండా తనంతట తానే ఆపేశాడు, రేపటి నుంచి మళ్లీ వేయమని చెప్పాలి.