పరిశోధన మార్గదర్శినులకు ఓపెన్ సోర్స్‌నే ఎంచుకోవాలి

సంపాదకుల వారికి,

అయ్యా,

నెల్లూరు, ప్రకాశం జిల్లాల కళాశాలల గ్రంథాలయాలు తమ విద్యార్థుల కోసం ఆన్‌లైన్‌లో పరిశోధన మార్గదర్శినులు సిద్ధం చేయాలన్న ఆలోచన చేయడం ఎంతో సంతోషకరం. అయితే వాటిని ఏ సాఫ్ట్‌వేర్‌తో నడపాలన్నది కొటేషన్లు పిలిచి, తక్కువ ధర చూసి తేల్చేసే వ్యవహారం కాదని, మూల కోడ్ అందరికీ అందుబాటులో ఉండి ఎవరైనా వాడుకుని మార్చుకోగల ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌నే ఎంచుకోవాలని మనవి చేయడానికే ఈ లేఖ రాస్తున్నాను.

మార్గదర్శిని అంటే పుస్తకాల జాబితా మాత్రమే కాదు. ఒంగోలు ప్రాంత చరిత్రపై పరిశోధన మొదలుపెట్టిన విద్యార్థిని తీసుకోండి. బటర్‌వర్త్, వేణుగోపాల్ చెట్టి కలిసి సంకలనం చేయగా 1905లో మూడు సంపుటాలుగా వెలువడిన నెల్లూరు జిల్లా శాసనాలలో తనకు కావలసినవి ఉన్నాయని ఆ విద్యార్థికి తోచదు. ఒంగోలు తాలూకా 1904 వరకు, కందుకూరు, కనిగిరి తాలూకాలు 1970లో ఒంగోలు జిల్లా (తర్వాతి ప్రకాశం) ఏర్పడేదాకా నెల్లూరు జిల్లాలోనే ఉండేవని ఎవరో ఒకరు ముందుగా చెప్పాలి. 1873 నాటి బాస్వెల్ నెల్లూరు మాన్యువల్‌ను ఎందుకు చూడాలో, విశ్వవిద్యాలయాల పరిశోధనలను భద్రపరిచే వెబ్‌సైటు శోధగంగలో సిద్ధాంత వ్యాసాలను ఎలా వెతకాలో కూడా చెప్పాలి. ఇన్నాళ్లూ ఈ సంగతులు అనుభవజ్ఞులైన గ్రంథపాలకుల నోటనే ఉండి, వారి పదవీ విరమణతో పాటే గ్రంథాలయం దాటి వెళ్లిపోతున్నాయి. అలాంటి జ్ఞానాన్ని రాసిపెట్టే చోటు మన అధీనంలో ఉండాలా, ఏటేటా కట్టే చందా మీద ఆధారపడాలా అన్నదే అసలు ప్రశ్న.

విదేశీ విశ్వవిద్యాలయాలలో ఎక్కువగా కనిపించేది అమెరికాకు చెందిన స్ప్రింగ్‌షేర్ సంస్థ అందించే లిబ్‌గైడ్స్ అనే మార్గదర్శినుల సాఫ్ట్‌వేర్. అది సౌకర్యమైనదే, నేను కాదనను. కానీ దానికి ఏటా చందా కట్టాలి. గ్రాంటు ఏ ఏడు వస్తుందో, ఏ ఏడు ఆగుతుందో తెలియని మన కళాశాలలకు అది మోయలేని బాధ్యత. ఇక్కడే ఒక కళాశాలలో బయటివారు చేసిపెట్టిన గ్రంథాలయ వెబ్‌సైటు రుసుము ఆలస్యమైనందుకు ఆగిపోయింది. ఉపాధ్యాయులు శ్రమపడి కూర్చిన పాఠ్య సూచికలకు ఎవరి దగ్గరా ప్రతి మిగలలేదు.

ఓపెన్ సోర్స్‌లో ఈ పనికోసమే తయారైనది సబ్జెక్ట్స్‌ప్లస్. ఈస్ట్ కరోలినా విశ్వవిద్యాలయంలో మొదలై, ఇథాకా కళాశాల, మయామి విశ్వవిద్యాలయ గ్రంథాలయాల చేతుల్లో పెరిగిన ఈ సాఫ్ట్‌వేర్ పీహెచ్‌పీ అనే ప్రోగ్రామింగ్ భాష, మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్ వ్యవస్థల ఆధారంగా పనిచేస్తుంది. విద్యార్థులకు సూచించిన ఏదైనా ఆన్‌లైన్ వనరు వెబ్ చిరునామా మారితే ఒక్కచోట దిద్దితే చాలు, దాన్ని వాడుకున్న మార్గదర్శినులన్నిటిలోనూ మారుతుంది. అయినా ఓపెన్ సోర్స్ అన్న మాట చూసి కళ్లు మూసుకుని తీసుకోరాదు. ఓరెగాన్ స్టేట్ విశ్వవిద్యాలయం రూపొందించిన లైబ్రరీ ఆ లా కార్ట్ ఇటువంటిదే. అభివృద్ధి నిలిచిపోవడంతో దాన్ని వాడిన గ్రంథాలయాలు వేరే దారి చూసుకోవలసి వచ్చింది. అందువల్ల చివరి వెర్షన్ ఎప్పుడు వచ్చింది, దాన్ని చూసుకునేవారు ఎందరు, మన సమాచారాన్ని పూర్తిగా బయటికి తీసుకోవచ్చా అన్నవి ముందే చూడాలి. ఇవన్నీ ఆలోచించి, చిన్న కళాశాలలకు వెబ్‌సైట్లు తయారుచేసే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ వర్డ్‌ప్రెస్సే మేలని నా అభిప్రాయం. మార్గదర్శినుల కోసం పుట్టినది కాకపోయినా, నెల్లూరులో గానీ ఒంగోలులో గానీ అది తెలిసిన కుర్రవాడు దొరుకుతాడు. చెడిపోయిన రోజున ఆ ఒక్క సౌలభ్యమే మనల్ని ఆదుకుంటుంది.

తెలుగు విషయంలో మరింత జాగ్రత్త అవసరం. మన గ్రంథాలయాల జాబితాలు చాలావరకు డీటీపీ కేంద్రాలలో అను ఫాంట్లతో టైపు చేసినవి. వాటిని ఉన్నవి ఉన్నట్టు వెబ్‌పేజీలో అతికిస్తే తెరమీద అర్థంలేని గుర్తులు కనిపిస్తాయి. పీడీఎఫ్‌గా పెడితే చదవడానికి బాగానే ఉంటుంది గానీ, ‘తిక్కన’ అని వెతికిన విద్యార్థికి ఒక్క ఫలితమూ రాదు. ఏ సాఫ్ట్‌వేర్ తీసుకున్నా ముందు ఆ జాబితాలను అన్ని కంప్యూటర్లూ ఒకేలా గుర్తించే అక్షర పద్ధతి యూనికోడ్‌లోకి మార్చి, ఒత్తులు, గుణింతాలు సరిచూడాలి. ఇది విసుగు పుట్టించే పనే, కానీ దీన్ని దాటవేస్తే తక్కినదంతా వృథా.

ఓపెన్ సోర్స్ అంటే ఖర్చే లేదని యాజమాన్యాలకు చెప్పడం కూడా తప్పు. లైసెన్సు రుసుము ఉండదు గానీ సర్వర్ అద్దె, బ్యాకప్, భద్రతా అప్‌డేట్లు, వాటిని చూసుకునే మనిషి సమయం తప్పవు. కేంద్ర ప్రభుత్వం 2015లో ప్రకటించిన విధానం తన శాఖలు ఓపెన్ సోర్స్‌కు ప్రాధాన్యమివ్వాలని, వద్దనుకుంటే కారణం చూపాలని చెబుతోంది. మన విశ్వవిద్యాలయాలు అనుబంధ కళాశాలలకు అదే నియమం పెట్టవచ్చు. ఓపెన్ సోర్స్ గ్రంథాలయ సాఫ్ట్‌వేర్ కోహాతో పుస్తకాల జాబితా నడుపుతున్న గ్రంథపాలకులకు ఈ దారి కొత్తదేమీ కాదు.

విక్రమ సింహపురి, ఆంధ్ర కేసరి విశ్వవిద్యాలయాలు కలిసి ఒకే సర్వర్ ఏర్పాటు చేసి, దాన్ని చూసుకునే సాంకేతిక ఉద్యోగిని నియమించి, రెండు జిల్లాల కళాశాలల గ్రంథపాలకులకు అందులో చోటివ్వాలని, స్థానిక చరిత్ర మార్గదర్శినితోనే ఆ పని మొదలుపెట్టాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత గ్రంథపాలకుడు,
నెల్లూరు