చుక్కల వెనుక మనిషి

సంపాదకునికి,

అయ్యా! జపాన్ చిత్రకారిణి యయోయి కుసామా గురించి మన పత్రికల్లో ఎప్పుడు వచ్చినా రెండే సంగతులు: ఆమె చేసిన చుక్కల గుమ్మడికాయ శిల్పం, దాని ధర. మనిషి మాత్రం కనబడరు. ముప్పై ఏళ్లు బడిపిల్లలకు బొమ్మలు నేర్పినవాణ్ణి, ఇది నాకు మింగుడుపడదు.

ఆమె 1929లో మత్సుమోతోలో పుట్టారు. ఇంట్లో విత్తనాలు, నారుమొక్కల వ్యాపారం. చిన్ననాడే పువ్వులు, చుక్కలు గదంతా కమ్ముకున్నట్టు భ్రమలు కలిగేవి. బొమ్మ గీస్తే తల్లి లాగేసుకునేది. ఆ భయమే కాగితం మీదకు దిగింది. సరదాకు పెట్టిన చుక్కలు కావవి.

ఇటలీలోని వెనిస్‌లో రెండేళ్లకోసారి జరిగే అంతర్జాతీయ కళా ప్రదర్శన వెనిస్ బినాలే. 1966లో దానికి ఆమెకు అధికారిక ఆహ్వానం లేదు. అయినా వెళ్లి, పచ్చిక మీద 1,500 అద్దాల్లాంటి గోళాలు పరిచి, కిమోనో కట్టుకుని, ఒక్కోటి రెండు డాలర్లకు అమ్మకానికి పెట్టారు, సంతలో నిమ్మకాయలు అమ్మినంత తేలిగ్గా! నిర్వాహకులు ఆ అమ్మకం ఆపించారు. అదే వెనిస్‌లో 1993లో జపాన్ ప్రతినిధి ఆవిడే.

1977 నుంచి టోక్యోలోని మానసిక చికిత్సాలయంలో తన ఇష్టంతోనే ఉంటూ, దగ్గర్లోని స్టూడియోలో పని సాగించారు. మనవాళ్లు ఈ ముక్క దగ్గర గొంతు తగ్గిస్తారెందుకో.

జపాన్‌లోని నవోషిమా దీవి ఒడ్డున ఉన్న ఆమె పసుపు గుమ్మడికాయ శిల్పాన్ని 2021 ఆగస్టులో తుపాను సముద్రంలోకి ఈడ్చేసింది. 2022లో మళ్లీ చేయించి అక్కడే నిలిపారు. ఈసారి ఆ ఫోటో వేస్తే, ధర పక్కన ఈ సంగతికీ రెండు వాక్యాల చోటివ్వండి.

– ఒక విశ్రాంత డ్రాయింగ్ మాస్టారు, తెనాలి