పొట్టి పిల్లలనే కాదు, మరీ పొడుగు పిల్లలనూ చూడండి

సంపాదకుడికి,

రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద బడులకు వచ్చే బృందాలు పిల్లల ఎత్తు, బరువు కొలుస్తాయి. బరువు తక్కువుంటే, రక్తం తక్కువుంటే రాసుకుంటారు. మంచిదే. మరి ఈడుకు మించి పెరిగిపోతున్న పిల్లాడి సంగతేంటి? పీఈటీగా పనిచేసినవాణ్ని కాబట్టి చెబుతున్నా, అలాంటివాడు కనబడితే మేం ముందు వాలీబాల్ జట్టులోకి లాగుతాం. ఇంట్లో దిష్టి తీస్తారు. తోటి పిల్లలు తాటిచెట్టని ఏడిపిస్తారు. డాక్టరుకు మాత్రం ఎవరూ చూపించరు.

పొడుగు పిల్లల్లో ఎక్కువమందికి ఏ జబ్బూ ఉండదు, తల్లిదండ్రుల పోలికే. కానీ చాలా అరుదుగా మెదడు కిందుండే పిట్యూటరీ గ్రంథిలో గడ్డ లేచి, ఎదుగుదల హార్మోన్ అదుపు తప్పుతుంది. అది సాధారణంగా క్యాన్సర్ గడ్డ కాదు. ఎముకలింకా ఎదిగే వయసు కాబట్టి ఎత్తు ఆగదు. ఇదే జైగాంటిజం. ఈ హార్మోన్ ఎక్కువై 272 సెంటీమీటర్లు పెరిగిన అమెరికా యువకుడు రాబర్ట్ వాడ్లో, కాలికి కట్టిన ఊత రాసుకుని పుండై, ఆ ఇన్‌ఫెక్షన్‌తో 1940లో 22 ఏళ్లకే చనిపోయాడు.

బడిపిల్లలు మామూలుగా ఏడాదికి 5, 6 సెంటీమీటర్లు పెరుగుతారు. ఈడొచ్చేటప్పుడు ఇంకాస్త ఎక్కువ. జూన్‌లో ఇచ్చిన యూనిఫాం ప్యాంటు దసరాకే చీలమండ పైకి పోతుంటే, చెప్పులు ఊరికే ఇరుకవుతుంటే, తరచూ తలనొప్పి అంటుంటే అనుమానించాలి. గడ్డ చూపు నరాలను నొక్కితే పక్కచూపు తగ్గుతుంది. పక్కనుంచి వచ్చే బంతిని వదిలేస్తుంటే ధ్యాస లేదని తిట్టేస్తాం! మా నల్గొండ జిల్లా మర్రిగూడ, నాంపల్లి వైపు ఇంకో చిక్కు. ఈ జబ్బుతో కీళ్లు నొప్పులన్నా సరే, ఫ్లోరైడ్ నీళ్ల వల్లేనని వదిలేస్తారు.

ఎత్తు ఒక్కసారి కొలిస్తే ఏమీ తెలియదు, నిరుటి కొలత పక్కన పెట్టి చూడాలి. పిల్లాడు ప్రైమరీ నుంచి హైస్కూలుకో గురుకులానికో మారినా ఆ కొలతలు రాసిన కార్డు వెంట వెళ్లేలా విద్యాశాఖ, వైద్యశాఖ కలిసి చూడాలి. అనుమానం వస్తే ముందు చేయాల్సింది, ఎదుగుదల హార్మోన్ ఎక్కువైందేమో పట్టిచ్చే ఐజీఎఫ్-1 అనే రక్తపరీక్ష. ఆ తర్వాతే గ్లూకోజ్ తాగించి చేసే పరీక్ష, ఎమ్మారై. గడ్డను చాలావరకు ముక్కులోంచే ఆపరేషన్ చేసి తీస్తారు, ఇంజెక్షన్లూ ఉన్నాయి. ఆ మొదటి రక్తం శాంపిల్‌ను నల్గొండ, మహబూబ్‌నగర్ ప్రభుత్వ ఆసుపత్రుల్లోనే తీసుకుని హైదరాబాద్ పంపిస్తే, కూలి పోగొట్టుకుని నిమ్స్‌కో ఉస్మానియాకో తిరిగే అవసరం నిజంగా తేడా ఉన్నవాళ్లకే పడుతుంది.

- విశ్రాంత వ్యాయామ ఉపాధ్యాయుడు, దేవరకొండ, నల్గొండ జిల్లా