బట్లీ చూడబోయే ముందు

చిరంజీవి అమ్మాయికి, నాన్న ఆశీర్వదించి వ్రాయునది.

నువ్వు ఇంగ్లండులోని సఫోక్ వెళ్లి బట్లీ, లీస్టన్ మఠాలను చూడబోతున్నావని తెలిసి చాలా సంతోషించాను. ఆ రెండింటినీ స్థాపించినవాడు పన్నెండవ శతాబ్దపు రాజోద్యోగి రాన్యుల్ఫ్ డి గ్లాన్విల్. న్యాయశాస్త్రం చదివేవారికి ఆయన పేరు వినగానే ఆయన పేరుతో చెలామణీ అయ్యే న్యాయగ్రంథమే గుర్తుకు వస్తుంది. అది ఆయన రచనేనా అని పండితులు ఇప్పటికీ సందేహిస్తున్నారు. ఆ మనిషిని తెలుసుకోవాలంటే ఆ గ్రంథం కన్నా ఆయన ఇంటివారు చేసిన దానాలే మంచి ఆధారమని నా అభిప్రాయం.

ఆయన 1163లో యార్క్‌షైర్ షెరీఫ్, అంటే ఆ ప్రాంతంలో రాజు తరఫు అధికారి, అయ్యాడు. 1170లో ఇంగ్లండు రాజు రెండవ హెన్రీ షెరీఫుల వసూళ్లపై విచారణ జరిపించినప్పుడు, ఎందరితోపాటో ఆయన పదవీ పోయింది. 1174 జూలైలో ఆల్నిక్ వద్ద స్కాట్లండు రాజు విలియంను బందీగా పట్టుకున్నవారిలో ఒకడై మళ్లీ రాజుగారి మెప్పు పొందాడు. 1180లో ప్రధాన జస్టిషియర్ అయ్యాడు. రాజు సముద్రం దాటి వెళ్లినప్పుడు రాజ్యభారమంతా మోసే పదవి అది. 1189లో హెన్రీ కొడుకు రిచర్డ్ సింహాసనమెక్కగానే అదీ పోయింది. మరుసటి ఏడు క్రూసేడుకు వెళ్లి పాలస్తీనా తీరంలోని ఏకర్ వద్ద మరణించాడు.

బట్లీలో అగస్టీనియన్ కానన్లకు (ఒక నియమావళికి లోబడి కలిసి జీవించే క్రైస్తవ పూజారులకు) ఆయన మఠం కట్టించింది 1171లో, అంటే యార్క్‌షైర్ పదవి పోయిన మరుసటి సంవత్సరమే. ఆ నేల ఆయన పిత్రార్జితం కాదు. భార్య బెర్తా పారమ్ ప్రభువు థియోబాల్డ్ డి వాలోయిన్ కూతురు. మన వైపు ఆడపిల్లకు పసుపుకుంకుమల కింద రాసిచ్చినట్టు, ఆ భూమి ఆమె పెళ్లితో వచ్చింది. స్థాపకుడిగా భర్త పేరొక్కటే చెప్పుకోవడం నాకు న్యాయంగా తోచదు. అక్కడికి వెళ్లినప్పుడు ఆమెనూ తలుచుకో. 1182లో లీస్టన్‌లో ప్రెమాన్‌స్ట్రాటెన్షియన్ కానన్లకు, అంటే తెల్లని దుస్తులు ధరించే సంప్రదాయంవారికి, మరో మఠం ఏర్పడింది. ఇప్పుడు నువ్వు చూసే శిథిలాలు మాత్రం ఆయన నిలిపిన చోటువి కావు. మొదటి మఠం మిన్స్‌మియర్ చిత్తడి నేలల్లో ఉండేది, 1363లో దానిని లోపలి మెరక ప్రాంతానికి తరలించారు.

ఆ దానగుణం పిల్లలకూ అబ్బింది. కూతుళ్లలో ఒకరైన హెలెవీజ్ యార్క్‌షైర్‌లోని స్వైన్‌బీలో అదే తెల్లదుస్తుల సంప్రదాయానికి మఠం పెట్టించింది; తరువాత ఆమె కొడుకు దానిని కవర్‌హామ్‌కు మార్చాడు. బెర్తా అక్కచెల్లెళ్లలో ఒకరి కొడుకు హ్యూబర్ట్ వాల్టర్ ఈ ఇంట్లోనే పెరిగి, పెదనాన్న స్థానంలో ఉన్న రాన్యుల్ఫ్ దగ్గరే రాజ్యవ్యవహారాలు నేర్చుకున్నాడు. ఆ తరువాత అతడు కాంటర్‌బరీ ఆర్చిబిషప్, జస్టిషియర్, చాన్సలర్ కూడా అయ్యాడు. ఇంకా ఆ పదవులేవీ రాకముందే, 1188లో, నార్ఫోక్‌లోని వెస్ట్ డెరమ్‌లో తానూ ఒక మఠం స్థాపించాడు. దాని దానపత్రంలో ఎవరెవరి ఆత్మల కోసం ప్రార్థించాలో చెబుతూ, తనను పెంచినవారని రాన్యుల్ఫ్‌నూ బెర్తానూ ఇద్దరినీ పేరుపేరునా రాయించాడు. ఈ కుటుంబం గురించి నేను చదివినవాటిలో నా మనసుకు బాగా హత్తుకున్నది ఆ ఒక్క వాక్యమే.

మీ విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో ఆ దానపత్రం ప్రతి దొరికితే, లాటిన్ మూలంలో ఆ వాక్యం ఎలా ఉందో చూసి నాకు రాసి పంపు.

ఇట్లు,
మీ నాన్న