గల్లీకి గుర్తు లేకపోతే ఫిర్యాదుకు దారి లేదు

సంపాదకుడు గారికి,

వరంగల్‌ను 2020 ఆగస్టులో, మళ్లీ 2023 జులైలో వరద ముంచింది. రెండోసారి భద్రకాళి చెరువు కట్టకే గండి పడింది. హంటర్ రోడ్డు పక్కన ఎన్టీఆర్ నగర్ లాంటి చోట్ల ఇళ్లలోకి నీళ్లు వచ్చాయి. ముందు ఏ మోరీ పొంగింది, నీళ్లు ఏ గల్లీలోంచి తిరిగాయి అని అక్కడి ఆడవాళ్లను అడిగితే వేలు పెట్టి చూపిస్తారు. పటంలో మాత్రం ఆ గల్లీయే ఉండదు. 'గుడి వెనక మోరీ నిండింది' అన్న ఫిర్యాదు చోటు తేలక మూతపడుతుంది.

ఆ పటం బస్తీ వాళ్లే గీసుకోవచ్చు. నైరోబీలోని కిబేరా బస్తీని 2009లో అక్కడి యువతే తిరిగి చూసి, ఎవరైనా చేర్చి దిద్దగలిగే ఆన్‌లైన్ పటం ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లోకి ఎక్కించారు. దానికి డబ్బు కట్టనక్కర్లేదు, గల్లీ పేరు తెలుగులోనే రాయొచ్చు.

నలుగురు చాలు: ఒకరి చేతిలో ఫోన్, ఒకరి చేతిలో టేపు, ఒకరి దగ్గర ఉపగ్రహ చిత్రం అచ్చు వేసిన పెద్ద కాగితం, తోడుగా బస్తీ పుట్టుక నుంచి అక్కడే ఉన్న పెద్దమనిషి. కల్వర్టు దగ్గర ఆగి వెడల్పు, ఎత్తు కొలవాలి. కర్ర దించి పూడిక ఎన్ని అంగుళాలుందో రాయాలి. గోడ మీద వరద చార ఇంకా ఉంటే గడప నుంచి చార దాకా టేపు పట్టి, అంకె కనిపించేలా ఫొటో తీయాలి. నాలాను నీళ్లు పారే వైపే గీయాలి. తిరగేసి గీస్తే పైనుంచి వచ్చే నీరు ఎటు పోతుందో పటం తప్పు చెబుతుంది.

తప్పులు ఎక్కువగా జరిగేది రెండుచోట్ల. ఇరుకు గల్లీలో రేకులకు, గోడలకు తగిలి జీపీఎస్ సిగ్నల్ చెదిరిపోతుంది, చుక్క పక్క గల్లీలో పడుతుంది. గల్లీ మొదట్లో ఆకాశం కనిపించే చోట నిలబడి, ఫోన్ చూపే తేడా 5 మీటర్ల లోపుకి వచ్చాక చుక్క పెట్టి, అక్కడి నుంచి టేపుతో కొలుచుకుంటూ పోవాలి. ఇక వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫొటోలోంచి లొకేషన్ ఊడిపోతుంది. కెమెరాలో లొకేషన్ ఆన్ చేసి, ఫొటోను డాక్యుమెంట్‌గా పంపితేనే అది నిలుస్తుంది. ఎంతో కష్టపడి తీసిన ఫొటోలు ఈ చిన్న సంగతి తెలియక ఎందుకూ పనికిరాకుండా పోతున్నాయి.

బహిరంగ పటంలో దారి, మోరీ, నల్లా, దీపస్తంభం, మరుగుదొడ్డి ఉంటే చాలు. ఇంటివారి పేర్లు, పట్టా ఉందా లేదా అన్న వివరాలు అందులో పెట్టకూడదు. రేపు కూల్చడానికొచ్చేవాళ్లకు అదే జాబితా అవుతుందన్న బస్తీ వాళ్ల భయం నిజమైనదే. ఆ వివరాలు రాసుకున్న పుస్తకం బస్తీ సంఘం దగ్గరే ఉండాలి. ఒడిశా 2017లో ముందు భూమి హక్కు చట్టం చేసి, ఆ తర్వాత బస్తీలను డ్రోన్లతో కొలిపించింది. ఆ వరుసే సరైనది.

నగరపాలక సంస్థ అధికారులను మేం కోరేది రెండు. ఇంటి నంబరు లేకున్నా పటంలోని చుక్కతో ఫిర్యాదు తీసుకోండి. పని అయ్యాక అదే చోట ఫొటో తీసి, ఫిర్యాదు చేసిన మనిషి ఒప్పుకున్నాకే మూయండి. మృగశిర కార్తెకు ముందే ఒక్కో డివిజన్‌లో ఒక్క బస్తీతోనైనా ఇది మొదలుపెట్టండి.

– బస్తీ పటాల పనిలో ఉన్న పాఠకులు, హన్మకొండ